ప్లగ్ వైరు కౌల్‌కి ఒరుసుకుపోయింది, టేపు చుడితే చాలా?

తమ్ముడూ, నువ్వు రాసింది చదివాను. రేడియో కంట్రోల్ బొమ్మ విమానం, 55 సిసి పెట్రోలు ఇంజన్, పాతిక ఫ్లైట్లు అయ్యాక కౌల్ (ఇంజన్ మీది ఫైబర్‌గ్లాస్ మూత) విప్పి చూస్తే ప్లగ్‌కి వెళ్లే వైరు మీది స్టీలు అల్లిక ఒకచోట తెగి పోగులు పైకి లేచి ఉన్నాయి, అక్కడ నల్ల ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టావు, ఇంజన్ మామూలుగానే నడుస్తోంది, ఆదివారం ఎగరేయొచ్చా అని అడిగావు. ఈ ఆదివారం వద్దు. ముందు ఆ టేపు పీకేయ్. టేపు కింద ఏముందో చూడకుండా నేను కాదు కదా, ఎవరూ నీకు సరే అని చెప్పలేరు.

నాకు ఈ బొమ్మ విమానాల పిచ్చి పట్టి ఇరవై ఏళ్లు దాటింది, అందులో ఎక్కువ భాగం పెట్రోలు ఇంజన్లతోనే గడిచింది. కొత్తవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక ముక్క: ఈ పెట్రోలు ఇంజన్లనే గ్యాస్ ఇంజన్లు అంటాం, వంటగ్యాస్ కాదు, అమెరికా వాళ్లు పెట్రోలుని గ్యాస్ అంటారు కాబట్టి మన హాబీలో ఆ పేరు అలా ఉండిపోయింది. గ్లో ఇంజన్ అనే ఇంకో రకానికి ప్లగ్‌లోని తీగే ఎర్రగా కాలుతూ మెథనాల్‌ని మండిస్తుంది, ఇంజన్ స్టార్టయ్యాక వైరు, బ్యాటరీ ఏవీ అక్కర్లేదు. గ్లో నుంచి పెట్రోలుకి మారినవాళ్లు వైరింగ్ దగ్గర బోల్తా పడేది అందుకే. ఇక్కడ బ్యాటరీ, స్విచ్చి, సిడిఐ బాక్సు (స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె), దానికి స్పార్క్ సమయం చెప్పే సెన్సర్, హెచ్‌టీ వైరు (ప్లగ్‌కి వెళ్లే హై టెన్షన్ వైరు) అన్నీ కావాలి, అవన్నీ నిమిషానికి ఏడు వేల సార్లు కుదిపే ఇంజన్ పక్కనే బతకాలి.

ఏడు వేలు అన్నాను కదా, లెక్క వెయ్యి. పది నిమిషాల ఫ్లైట్ అంటే 70 వేల కుదుపులు, పాతిక ఫ్లైట్లకి పదిహేడు లక్షల పైచిలుకు. అంతసేపూ ఫుల్ థ్రాటిల్ ఉండదు, సరే, పది లక్షలే అనుకో. పది లక్షల సార్లు ఒకే చోట ఒరుసుకుంటే స్టీలైనా అరుగుతుంది, అరిగింది కూడా, నువ్వే చూశావు.

అసలు ఆ స్టీలు అల్లిక ఎందుకుందో తెలిస్తే అది తెగితే ఏమవుతుందో తెలుస్తుంది. చాలామంది దాన్ని వైరుకి రక్షణ కోసం వేసిన కవచం అనుకుంటారు. దాని పని వేరే. ఆర్‌ఎక్స్ 100 బండి గుర్తుందా, దానికీ సిడిఐ ఉండేది, కానీ ప్లగ్ వైరు మీద అల్లిక ఉండేది కాదు, ఎందుకంటే ఇంజన్ ఇనప ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, స్పార్క్ కొట్టిన కరెంటు ఛాసిస్ గుండా తిరిగి వచ్చేస్తుంది. మన విమానంలో ఇంజన్ ప్లైవుడ్ ఫైర్‌వాల్ (ఇంజన్ బిగించే ముందు గోడ) మీద ఉంటుంది, సిడిఐ బాక్సు ఇంకో చెక్క మీద స్పాంజిలో ఉంటుంది. మధ్యలో ఎర్త్ ఎక్కడిది? ఆ అల్లికే ఎర్త్. స్పార్క్ తిరుగు ప్రయాణం దాని మీద నుంచే. రెండో పని, స్పార్క్ పుట్టించే రేడియో గోలని లోపలే మూసి పెట్టడం. నాలుగు పోగులు తెగితే ఏమీ కాదు, కానీ అల్లిక పూర్తిగా తెగిందనుకో, కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది, దానికి దొరికే దారి సాధారణంగా సన్నటి సెన్సర్ వైరు. అప్పుడు సెన్సరో, సిడిఐ బాక్సో, ఒక్కోసారి రెండూనో పోతాయి, నువ్వేమో ప్లగ్ మార్చుకుంటూ కూర్చుంటావు.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ అల్లిక ఒక ఆకురాయి. అది అరిగిపోవడం ఒక సమస్య, అది పక్కవాటిని కోసేయడం ఇంకా పెద్ద సమస్య. నాకు జరిగిందే చెబుతాను. ఒక పాత 50 సిసి విమానం, ల్యాండింగ్‌కి థ్రాటిల్ తగ్గించి మళ్లీ పెంచితే ఆగిపోయేది, అదీ గాల్లోనే, నేల మీద ఎంతసేపు నడిపినా బంగారంలా నడిచేది. కార్బురేటర్ విప్పాను, డయాఫ్రమ్‌లు మార్చాను, నీడిల్స్ తిప్పీ తిప్పీ రెండు వారాలు తినేశాను. మూడో వారం పెట్రోలు ట్యూబు మారుద్దామని లాగితే, కార్బురేటర్‌కి రెండంగుళాల ఇవతల, ట్యూబు అడుగు భాగాన, పైనుంచి చూస్తే కనపడని చోట, గుండుసూది మొన అంత చిల్లు. దాని చుట్టూ ట్యూబు గరుకుగా, గోరుతో గీకినట్టు ఉంది. సరిగ్గా ఆ చోటే హెచ్‌టీ వైరు దానికి కింద ఆనుకుని వెళుతోంది. విమానం ముక్కు కిందికి దిగినప్పుడు వైరు జరిగి చిల్లు తెరుచుకుని గాలి పీల్చేది, నేల మీద ఉన్నప్పుడు వైరే చిల్లుకి మూతలా ఉండేది. అప్పటి నుంచి నా లెక్కలో హెచ్‌టీ వైరు, పెట్రోలు ట్యూబు ఒకదానికొకటి తగిలే విమానం ఎగరడానికి పనికిరాదు. పెట్రోలు కారే చోట స్పార్క్ వైరు పెట్టుకుంటామా అసలు!

ఇక నీ సమస్యకి వస్తే, స్లీవ్ వేయాలా, స్పైరల్ చుట్టాలా, ఏ బ్రాండు అని మూడు ప్రశ్నలు అడిగావు. అవి తర్వాత. ముందు అడగాల్సింది వైరు ఎందుకు కదులుతోంది, దేనితో పోలిస్తే కదులుతోంది అని. నీ ఫొటోలో ప్లగ్ క్యాప్ నుంచి బయల్దేరిన వైరు ఎక్కడా దేనికీ కట్టకుండా గాల్లో ఒక వంపు తిరిగి, కౌల్ లోపలి గోడకి ఆనుకుంటూ ఫైర్‌వాల్ రంధ్రంలోకి పోతోంది. ఇంజన్ ఒక తీరున ఊగుతుంది, పలచటి ఫైబర్‌గ్లాస్ కౌల్ ఇంకో తీరున ఊగుతుంది, మధ్యలో నీ వైరు. దానికి ఎంత మంచి స్లీవ్ తొడిగినా ముందు స్లీవ్ అరుగుతుంది, ఆ తర్వాత వైరు. పాతిక ఫ్లైట్లకి తెగేది యాభైకి తెగుతుంది, అంతే తేడా.

కౌల్‌కి వైరుకి మధ్య ఖాళీ ఉందిలే అని ఇంజన్ ఆపి చూసి సంతృప్తి పడకు. ఫుల్ థ్రాటిల్‌లో కంటే ఐడిల్‌లో ఊపు ఎక్కువ, స్టార్టయ్యే క్షణంలో, ఆగిపోయే క్షణంలో ఇంకా ఎక్కువ. తోక దగ్గర ఒకరు గట్టిగా పట్టుకుని ఉండగా ఐడిల్‌లో పక్క నుంచి కౌల్‌ని చూడు, అంచు మసకగా రెండు గీతల్లా కనిపిస్తుంది. ఆ మసక వెడల్పే అది ఊగే దూరం. ఆగి ఉన్నప్పుడు వైరుకి, కౌల్‌కి మధ్య నీ చూపుడు వేలు దూరేంత ఖాళీ, అంటే 12 నుంచి 15 మిల్లీమీటర్లు, లేకపోతే అది తగులుతోందనే అనుకో.

ఎక్కడ తగులుతోందో తెలుసుకోవడానికి నేను చేసేది చెబితే నవ్వుతావు. కుంకుమలో రెండు చుక్కల కొబ్బరినూనె వేసి ముద్దలా కలిపి హెచ్‌టీ వైరు పొడవునా, సెన్సర్ వైరు మీద, థ్రాటిల్ రాడ్డు పక్కన పల్చగా పూసేస్తాను. కౌల్ బిగించి నేల మీద రెండు నిమిషాలు ఐడిల్, ఒక నిమిషం ఫుల్, మళ్లీ ఐడిల్, ఆపెయ్. కౌల్ విప్పితే లోపల ఎర్రటి మరకలు ఎక్కడ పడ్డాయో అవే తగిలే చోట్లు. మా ఆవిడ మొదటిసారి చూసి ఇంజన్‌కి పూజ చేస్తున్నావా అంది. నువ్వు తెల్ల టూత్‌పేస్టు వాడినా నాకు అభ్యంతరం లేదు, కుంకుమ బాగా కనిపిస్తుందని అంతే.

చోటు తెలిశాక కట్టే పద్ధతి. సూత్రం ఒకటే: ఊగేదానికి ఊగేదాన్ని, ఊగనిదానికి ఊగనిదాన్ని కట్టు, రెంటి మధ్య దాటేటప్పుడు కాస్త వదులు వదిలెయ్. ప్లగ్ క్యాప్ ఇంజన్‌తో పాటే ఊగుతుంది, కాబట్టి క్యాప్ నుంచి వచ్చిన వైరుకి మొదటి పట్టు కూడా ఇంజన్ మీదే ఉండాలి, స్టాండాఫ్ (ఇంజన్‌కీ ఫైర్‌వాల్‌కీ మధ్య ఉండే లోహపు కాలు) మీదో, ఇంజన్ బిగించిన బోల్టుల్లో ఒకదాని కిందో. రెండో పట్టు ఫైర్‌వాల్ మీద. ఈ రెంటి మధ్య నాలుగైదు సెంటీమీటర్ల మేర వైరు కాస్త వేలాడుతూ ఉండాలి, బిగుతుగా లాగితే క్యాప్ దగ్గరే తెగుతుంది. అలాగని జారుగా కూడా వదలకు. పెద్ద విమానాల మెకానిక్‌లు పాటించే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పుస్తకం ఒకటుంది, ఏసీ 43.13-1బి అంటారు, అందులో రెండు క్లాంపుల మధ్య వైరుని చేత్తో మామూలుగా నొక్కితే అరంగుళానికి మించి దిగకూడదని రాసి ఉంటుంది. మన బొమ్మ విమానానికీ ఆ కొలత బాగా పనికొస్తుంది.

పట్టుకి పి అక్షరం ఆకారంలో లోపల రబ్బరు వేసి ఉండే క్లాంపులు దొరుకుతాయి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే సైజుల వారీగా ఇస్తారు, మీ కాకినాడలోనూ లారీల ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మే చోట అడిగి చూడు. దొరక్కపోతే కేబుల్ టై వాడు, కానీ వైరు మీద నేరుగా వెయ్యకు. ముందు పెట్రోలు ట్యూబు ముక్కని నిలువుగా చీల్చి వైరుకి తొడిగి, దాని మీద టై వెయ్. టై బిగించాక వైరు చేత్తో తిప్పితే కష్టంగానైనా తిరగాలి, నలిగిపోకూడదు. టై తోకని అంచుదాకా నున్నగా కత్తిరించు, లేకపోతే ఆ కొసే బ్లేడులా తయారై పక్క వైరుని కోస్తుంది, చేతిని కూడా, నా చేతి మీద మచ్చలున్నాయి. గ్లో వాళ్లు వాడే సిలికాన్ ట్యూబు ముక్క వద్దు, పెట్రోలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. సైకిల్ ట్యూబు ముక్కలదీ అదే తంతు, ట్యాంకు దూరంగా ఉన్నచోట పర్వాలేదు కానీ కౌల్ లోపల వద్దు.

ఫైర్‌వాల్ రంధ్రం సంగతి. క్యాప్ దూరాలి కాబట్టి అందరూ పెద్ద రంధ్రం చేస్తారు, తర్వాత వైరు ఆ రంధ్రం అంచు మీద పడుకుంటుంది. ఆరు మిల్లీమీటర్ల ప్లై అంచు, దాని మీద ఎపాక్సీ గట్టిపడి ఉంటే అది రంపమే. రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే వలయం) ఒకవైపు చీల్చి రంధ్రంలో కూర్చోబెట్టు, సైజు కుదరకపోతే చీల్చిన పెట్రోలు ట్యూబుని అంచు చుట్టూ తొడిగి అంటించు. అయినా గ్రోమెట్ చివరి రక్ష మాత్రమే. రంధ్రానికి రెండు వైపులా దగ్గర్లో ఒక్కో పట్టు ఉంటే వైరు రంధ్రం మధ్యలో నిలబడుతుంది, అంచుని తాకనే తాకదు.

ఇప్పుడు స్లీవులు. కౌల్ వైపు, ఇతర వైర్లు దాటే చోట పాలిథిన్ స్పైరల్ చుట్టు బాగుంటుంది, చవక, విప్పి లోపల చూసుకోవచ్చు. కానీ సైలెన్సర్ దగ్గర పెట్టకు, మెత్తబడి కారుతుంది. అక్కడికి మోటార్ వైండింగ్ షాపుకి వెళ్లు, ప్రతి ఊళ్లో పంపుసెట్ల మోటార్లు కట్టేవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గర సిలికాన్ పూత పూసిన ఫైబర్‌గ్లాస్ స్లీవు ఉంటుంది. వేడికి అది తట్టుకున్నట్టు మన హాబీ షాపుల్లో రంగురంగులుగా అమ్మేవి తట్టుకోవు. నైలాన్ అల్లిక స్లీవులు చూడ్డానికి అందంగా ఉంటాయి, పర్వాలేదు, కానీ రెండు కొసలూ హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే ట్యూబు) వేసి మూయాలి, లేకపోతే దుమ్ము, నూనె లోపలికి పోయి ఇసక కాగితంలా పనిచేస్తాయి. స్లీవు ఏదైనా క్యాప్‌ని, సిలిండర్‌ని చల్లబరిచే ఫిన్నులని పూర్తిగా మూసేయకు, గాలి తగలాలి.

నువ్వు చుట్టిన టేపు గురించి. మామూలు పీవీసీ టేపు ఇళ్లలో వైరింగ్ కోసం చేసింది, దాని మీద ఉండే రేటింగ్ 600 వోల్టులు. హెచ్‌టీ వైరులో పరిగెత్తేది వేల వోల్టులు. పైగా ఇంజన్ వేడికి, పెట్రోలు ఆవిరికి జిగురు కరిగి టేపు పక్కకి జారుతుంది, వారం తిరిగేసరికి అక్కడ జిడ్డు, దుమ్ము కలిసిన నల్లటి ముద్ద తప్ప ఏమీ మిగలదు.

కాబట్టి టేపు తీశాక ఇలా చూడు. కొంచెం దూది తీసుకుని వైరు చుట్టూ పట్టుకుని క్యాప్ నుంచి బాక్సు దాకా మెల్లగా లాగు. తెగిన పోగు ఎంత సన్నదైనా దూది పోచ పట్టుకుంటుంది, కంటికి కనపడనివి కూడా దొరుకుతాయి. పోగులు లోపలికి వంగి ఉంటే ఎక్కువ భయపడాలి, అవి సూదుల్లా ఇన్సులేషన్‌లోకి దిగుతాయి. లేచిన పోగుల్ని నెయిల్ కట్టర్‌తో కత్తిరించి కింద ఇన్సులేషన్ చూడు. గీత లేకుండా నున్నగా ఉండి, అల్లికలో ముప్పావు వంతు పైన బాగుంటే, హీట్ ష్రింక్ వేసి వాడుకోవచ్చు. ఇన్సులేషన్ మీద గీతో, నల్లటి చుక్కో, గోరు దిగే గాటో ఉంటే ఇక రిపేరు మాట ఎత్తకు, వైరు మార్పించు లేదా బాక్సే మార్చు. విమానం ఖరీదుతో పోలిస్తే అది చిన్న ఖర్చు.

తర్వాత మీటరు. బ్యాటరీ కనెక్టర్ పీకేసి, ఒక ప్రోబ్ క్యాప్ లోపలి స్ప్రింగ్ రింగు మీద, రెండోది బాక్సు వైపు అల్లిక మీద పెట్టు. ఒక ఓమ్ లోపే చూపించాలి, వైరుని వంచుతూ కుదుపుతూ ఉన్నా అంకె ఎగిరిపోకూడదు. ఆ స్ప్రింగ్ రింగు సంగతీ చూడు, అది ప్లగ్ నట్టు భాగాన్ని గట్టిగా పట్టుకుంటేనే ఎర్త్ పూర్తవుతుంది. క్యాప్ వేలితో తిప్పితే గిరగిరా తిరిగితే రింగు వదులైందని అర్థం.

చివరగా చీకటి పరీక్ష. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్‌లో మిగిలిన పెట్రోలు వాసన కూడా పోయేదాకా ఆరనిచ్చి, ప్లగ్ విప్పి క్యాప్‌లోనే ఉంచి, ప్లగ్ రంధ్రానికి బాగా దూరంగా పెట్టు, రంధ్రంలో గుడ్డ కుక్కు. గదిలో లైటు ఆపి ఇగ్నిషన్ ఆన్ చేసి గ్లవ్ వేసుకుని ప్రాప్ (ప్రొపెల్లర్) తిప్పు. స్పార్క్ ప్లగ్ కొస దగ్గర మాత్రమే కనపడాలి. వైరు మధ్యలో ఎక్కడైనా నీలంగా మెరిసిందా, అక్కడే చచ్చింది. ఒక్క జాగ్రత్త, క్యాప్‌లో ప్లగ్ లేకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి ప్రాప్ ఎప్పుడూ తిప్పకు, స్పార్క్‌కి దారి దొరక్క బాక్సు లోపలే కొట్టుకుని దాన్ని చంపేస్తుంది.

హెచ్‌టీ వైరు లావుగా ఉంటుంది కాబట్టి అందరి కళ్లూ దాని మీదే. నా అనుభవంలో విమానాల్ని ఎక్కువగా దించింది మాత్రం సన్నటి సెన్సర్ వైరు. ప్రాప్ హబ్ వెనక ఉండే హాల్ సెన్సర్ నుంచి మూడు తీగలు వస్తాయి, హబ్‌లోని అయస్కాంతం ఎప్పుడు దాటిందో అవే బాక్సుకి చెబుతాయి. అందులో ఒకటి క్షణం పాటు ఎర్త్ అయినా స్పార్క్ ఆగిపోతుంది. క్రాంక్‌కేస్ పోత అంచులు పదునుగా ఉంటాయి, వాటి మీదుగానే ఆ వైరు వస్తుంది. చిన్న ఆకురాయితో ఆ అంచుల్ని గుండ్రంగా చెయ్, ఆ పొడి ఇంజన్ లోపలికి పోకుండా కార్బురేటర్ మూతికి గుడ్డ పెట్టు. వైరు తిరిగే హబ్ వైపు జారే వీలే లేకుండా రెండు చోట్ల కట్టు. కనెక్టర్‌కి క్లిప్పు వెయ్. వేడెక్కాక మిస్సింగ్ కొట్టడం, ఫుల్ థ్రాటిల్‌లో మాత్రమే దగ్గడం, తట్టితే సర్దుకోవడం, ఇవన్నీ కార్బురేటర్ కంటే ముందు ఈ మూడు తీగల మీద అనుమానపడాల్సిన లక్షణాలు.

బ్యాటరీ వైర్లనీ వదలకు. కార్బన్ ఫైబర్ కరెంటుని పంపుతుందని చాలామందికి తెలీదు, కార్బన్ ట్యూబు మీద ఎర్ర వైరు, నల్ల వైరు రెండూ ఒరుసుకుపోతే బ్యాటరీ షార్టే. పాత జెనోవా మాగ్నెటో ఇంజన్ ఉన్నవాళ్లకి బ్యాటరీ గొడవ లేదు కానీ, వాటి కిల్ వైరు ఎర్త్ అయితే ఇంజన్ ఆగుతుంది, అదే దాని పని కాబట్టి, ఆ ఒక్క వైరు ఒరుసుకున్నా గాల్లో ఆగినట్టే.

రేడియో సంగతి రెండు ముక్కలు. పాత 72 మెగాహెర్ట్జ్ రిమోట్ల రోజుల్లో అల్లిక తెగితే సర్వోలు (రెక్కల పలకల్ని, థ్రాటిల్‌ని కదిపే చిన్న మోటార్లు) పిచ్చెక్కినట్టు ఆడేవి, వెంటనే తెలిసేది. 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు వచ్చాక ఆ గోల బాగా తగ్గింది, అందుకే ఇప్పుడు అల్లిక తెగినా ఎవరికీ తెలియడం లేదు, నీకు తెలియనట్టే. అయినా రిసీవర్‌ని, దాని బ్యాటరీని ఇగ్నిషన్ సామానుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచు, రేంజ్ చెక్ (రిమోట్ ఎంత దూరం పనిచేస్తుందో చూడటం) ఇంజన్ ఆపి ఒకసారి, నడిపిస్తూ ఒకసారి చెయ్. రెంటికీ దూరంలో తేడా వస్తే వైరు దగ్గరికే వెళ్లు.

మీది సముద్రం ఊరు, ఉప్పు గాలి, కనెక్టర్ల పిన్నులు పచ్చగా పడతాయి, వైరు చూసినప్పుడల్లా వాటినీ ఒకసారి పీకి పెట్టు. కొత్తగా కట్టిన తర్వాత మొదటి ఫ్లైట్‌కే కౌల్ విప్పు, తర్వాత ఐదుకి, ఆ తర్వాత పదికోసారి. వైరు పక్కన నల్లటి బూడిద రంగు జిడ్డు గానీ, అల్లిక మీద అద్దంలా మెరిసే మచ్చ గానీ కనపడితే అది తగులుతోంది, ఇంకా తెగలేదు అంతే.

టేపు తీశాక రెండు ఫొటోలు పెట్టు, ఒకటి దెబ్బ తగిలిన చోట దగ్గరగా, ఇంకోటి కౌల్ లేకుండా సైలెన్సర్ వైపు నుంచి, బాక్సు ఎక్కడుందో కనపడేలా. నాకైతే నీ బాక్సు తప్పు వైపు ఉందేమో అని అనుమానం, దాన్ని ప్లగ్ వైపుకి జరిపితే వైరు కౌల్ దాకా పోవాల్సిన అవసరమే ఉండకపోవచ్చు.